సన్నకాళ్ళ రోబో

చోడవరంలో బట్టల కొట్టు పని నుంచి ఇంటికొచ్చిన నాగవేణి, టీవీలో వీడియో గేమ్ తెరిచి అలాగే నిలబడిపోయింది. నిన్న తను ఆపేటప్పటికి ఆటలో తమ రోబో చచ్చిన లెక్క రెండొందల పన్నెండు. ఇప్పుడు రెండొందల ముప్ఫై ఒకటి.

"అత్తా, దీన్నెవరు ముట్టుకున్నారు?"

చింతపండు పిక్కలు తీస్తున్న మంగాయమ్మ తలెత్తలేదు. "నానే."

చరణ్ ఉన్నప్పుడు మొగుడూ పెళ్ళాం ఒకే రిమోట్‌ని చెరోపక్కా పట్టుకుని ఆడేవారు. రిమోట్ మీద వేలితో తిప్పే ఎడమ పుల్లతో అతను రోబోను నడిపేవాడు, కుడి పుల్లతో ఆమె శత్రువుల్ని కాల్చేది. అతను పోయి ఐదు నెలలు. ఇప్పుడు ఆమె రోబో నిలబడ్డచోటే కాలుస్తూ చస్తోంది. చస్తే మళ్ళీ మొదటి గదే.

అత్త ఆడిన చివరి ఆట వివరాలు చూసింది. నడక పదకొండు నిమిషాలు. పేల్చిన గుళ్ళు సున్నా.

"ఒక్క గుండూ పేల్చలేదేటత్తా?"

"మా గుంటడు నడిపీవోడు కదే. నానూ నడిపేను. కాల్సడం నీ పని కదా."

నాగవేణి చాప మీద అత్త పక్కన కూర్చుని, రిమోట్ ఎడమవైపు ఆమె చేతికిచ్చింది.

రోబో రెండో గదిదాకా పోయి పడిపోయింది.

"మళ్ళీ మొదట్నుంచా?" అంది మంగాయమ్మ.

"మొదట్నుంచే. కాళ్ళూ చేతులూ మళ్ళీ మనమే బిగించాలి."

నాగవేణి అలవాటుగా సన్నకాళ్ళు ఎంచబోయింది. జోరుగా పోతాయని చరణ్ ఎప్పుడూ అవే పెట్టేవాడు.

మంగాయమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అయ్యొద్దే. లావుకాళ్ళెట్టు. నిదానంగా ఎల్దాం."