బంధువుల ఆమోదంతో నడిచే పంపు

సింహాద్రి గారి కాలి పుండు చీముపట్టి జ్వరం పట్టుకుంది. ఆసుపత్రుల్లో మంచాలే ఎత్తేసిన కాలం కాబట్టి, నరంలోకి ఎక్కించే మందు కూడా ఇంటికే వచ్చింది. ఎలా ఎక్కించాలో ఇంటివాళ్లే ఎంచుకోవాలి. నర్సు మేరీరత్నం రెండు పద్ధతులు చెప్పింది. గోడమేకుకు సీసా తగిలించి చుక్కలు లెక్కపెట్టుకోవడం ఒకటి, బంధువులందరూ ఒప్పుకుంటేనే నడిచే కొత్తరకం పంపు ఇంకొకటి.

"ఎదురింటి వాళ్లు పంపే పెట్టించుకున్నారు," అంది ఆయన భార్య వరహాలు. ఎంపిక అయిపోయింది.

పొద్దున్న ఎనిమిదింటికి వేయాల్సిన మందు కోసం పంపు పద్నాలుగు మంది ఫోన్లకు కబురు పంపింది. ప్రజాస్వామ్యం నరాల దాకా వచ్చేసింది మరి. బావమరిది సగం మందు చాలన్నాడు. అక్కగారు మంగళవారం వద్దన్నారు. మొన్న పెళ్లిలో తనకు కుర్చీ వేయని సంగతి తేలేదాకా బటన్ నొక్కేది లేదన్నాడు తోడల్లుడు. పన్నెండయింది. సింహాద్రి గారు రెండు దుప్పట్ల కింద వణుకుతున్నారు.

"అమ్మా, గోడకు మేకు ఏదైనా ఉందా? నేనే కూర్చుని లెక్కపెడతాను," అంది మేరీరత్నం.

"ఉందిగానీ, వాళ్లంతా ఏమనుకుంటారో," అంది వరహాలు.

ఇక ఆగలేక సింహాద్రి గారే చెయ్యి చాపి పంపు మీదున్న ఆకుపచ్చ బటన్ నొక్కారు.

"క్షమించండి," అంది పంపు ఎంతో మర్యాదగా. "మీ పేరు బంధువుల జాబితాలో లేదు. చేర్చడానికి వాళ్ల ఆమోదం అడగమంటారా?"