వెండెల్ రాసుకొచ్చిన తప్పులు

విడాకుల కోసం మొగుడూ పెళ్లాం కోర్టులో ఒకరి మీద ఒకరు బురద చల్లుకునే రోజులు మిషిగన్‌లో ఎప్పుడో పోయాయి. పోవాలి కూడా! అది తెలియని వెండెల్, ఇరవై రెండేళ్ల కాపురంలో తను చేసిన తప్పులన్నీ కాగితం మీద రాసుకొచ్చాడు. ఒప్పుకుంటే భార్య ఐరీన్ క్షమిస్తుందని అతని ఆశ.

"ఇక్కడ తప్పులతో పని లేదండీ," అంది జడ్జి. "ఏమ్మా, ఈ కాపురం నిలబడుతుందా?"

"నిలబడదండీ," అంది ఐరీన్.

అంతే, అయిపోయింది.

వరండాలో వెండెల్ ఆ కాగితం ఆమె చేతిలో కుక్కాడు. "ఏ తప్పుకి వదిలేశావో చెప్పు! పెళ్లిరోజు మానేసి జింకల వేటకి పోయినందుకా?"

"పిచ్చోడా, నువ్వు పోతేనే నాకు హాయిగా ఉండేది." ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. "నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు వెండెల్. చేసుంటే నాలుగు తిట్టి, క్షమించి, నీతోనే ఉండిపోయేదాన్ని."