ఆరు గజాల గంట

ఐదో గుండుకీ గంట మోగలేదు.

అన్విల్ పబ్బులో వెనక గది గోడకి ఒక ఇనప రేకు. రేకు మధ్యన శనగగింజ పట్టేంత బెజ్జం. దాని వెనకాల గంట. ఆరు గజాల దూరంలో నిలబడి ఎయిర్ రైఫిల్ పేలిస్తే సీసపు గుండు ఆ బెజ్జంలో దూరి గంట మోగించాలి. విల్ఫ్ టాంక్స్ నలభై ఒక్క ఏళ్ళుగా ప్రతి శుక్రవారం దాన్ని మోగిస్తూనే ఉన్నాడు. సెప్టెంబరు నుంచి మాత్రం అతని గుండు బెజ్జానికి కాస్త కిందుగా, రేకుకే తగులుతోంది.

"మీ రైఫిల్ స్ప్రింగు నీరసించిందేమో చూసుకోరాదూ?" అంది పబ్బు నడిపే బెరిల్, రేకు మీద మచ్చ కనపడకుండా తెల్లరంగు పూస్తూ.

"కొత్తది వేయించి మూడు నెలలు కాలేదు తల్లీ. వేసినవాడు ఇక్కడే పంది తోలు వేపుడు నములుతున్నాడు, అడుగు."

సిరిల్ హింగ్లీ నమలడం ఆపి, వేశానన్నట్టు తలూపాడు. ఆ చుట్టుపక్కల తుపాకులు బాగుచేసేది అతనొక్కడే. విల్ఫ్, అతనూ ఒకే ఇనప పోతల ఫౌండ్రీలో పాతికేళ్ళు చెమటోడ్చారు.

"పోనీ గురి స్క్రూ కాస్త పైకి తిప్పుకోరా," అన్నాడు సిరిల్.

గది గొల్లుమంది. గుండు తప్పాక స్క్రూ తిప్పేవాడంటే ఆ పబ్బు గురిపందేల జట్టులో అందరికీ లోకువ. విల్ఫ్ రైఫిల్ స్క్రూ మీద అది కదలకుండా వాళ్ళ నాన్న పూసిన ఎర్ర రంగు ఈనాటికీ పగలలేదు.

"స్క్రూ కాదురా. కళ్ళు పోతున్నాయి," అన్నాడు విల్ఫ్.

ఆ మాటకి మాత్రం ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే విల్ఫ్ రైఫిల్‌ని దుప్పట్లో చుట్టుకుని సిరిల్ కొట్టుకి వచ్చాడు. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా ఆగి, దాన్ని బల్ల మీద పెట్టాడు.

"ఉంచుకో. జట్టులో నా పేరు కొట్టేయమని బెరిల్‌కి చెప్పేశాను."

 శుక్రవారం లేని విల్ఫ్‌ని సిరిల్ ఊహించుకోలేడు.

"ఆగరా బాబూ! ఇంకో రకం చూపిస్తాను."

"మొదలెట్టాడండీ బేరగాడు!"

"అమ్మడానికి కాదు, చెప్పేది విను." సిరిల్ గోడ మీది రైఫిళ్ళు ఒక్కొక్కటే దించాడు. "నీది స్ప్రింగుది. గొట్టం వంచి చేతి బలంతో బిగించుకోవాలి. ఇందులో స్ప్రింగు బదులు గ్యాసు బంధించి ఉంటుంది. ఏళ్ళ తరబడి నీరసించదు గానీ వంచాలంటే నీదానికన్నా మొండిది, నీకొద్దు. ఇది సోడాలో కలిపే గ్యాసు బుడ్డితో నడిచేది. చేతికి సుఖమే. కానీ మన బెరిల్ ఆ గదిలో హీటరు పెడుతుందా? చలేస్తే గ్యాసు చచ్చుబడిపోతుంది. ఇదిగో, ఇదిరా నీకు కావలసింది! ముందే గాలి కూరి పెట్టిన సిలిండరు. గాలి నేను నింపిపెడతాను. నువ్వు రెండు వేళ్ళతో బోల్టు లాగితే చాలు."

"రెండు వేళ్ళతోనా? అది చేతులు పడిపోయినవాళ్ళకి."

విల్ఫ్ తన రైఫిల్ అందుకుని గొట్టం వంచాడు. ఒక్క ఊపున వంగి టక్కుమంది.

"చూశావా! డెబ్భై ఆరేళ్ళు నాకు. చొక్కా బొత్తాలు మా ఆవిడ నోరా పెడుతోంది. టీ కప్పు ఎత్తితే సగం ఒలుకుతోంది. ఇది మాత్రం కుర్రాడిలా వంచుతున్నాను. చెయ్యి బాగానే ఉందిరా సిరిల్. చూపే లేదు."

"కళ్ళ డాక్టరేమన్నాడు?"

"శుభ్రంగా ఉన్నాయన్నాడు. వాడి మొహం! ఆరు గజాల్లో బెజ్జం కొట్టలేనివాడి కళ్ళు శుభ్రంగా ఉన్నట్టా? కారు తాళాలు మా అమ్మాయికి ఇచ్చేశాను. రేపు ఎవరి బిడ్డనో గుద్దేస్తే?"

"మరి నోరా వాళ్ళ చెల్లెలు ఆస్పత్రిలో ఉందిగా? ఆదివారాలు ఎలా వెళ్తుంది?"

"వెళ్ళదు. అంతే."

 సిరిల్ ఆ సిలిండరు రైఫిల్‌నే మళ్ళీ ముందుకి తోశాడు. "ఒక్క శుక్రవారం పట్టుకు చూడరా. నా కోసం."

"గుడ్డివాడికి ఏ రైఫిలైతే ఏముంది? నాదాన్ని కళ్ళున్నవాడెవడికైనా ఇవ్వు."

విల్ఫ్ తలుపు దాటాడు. గోడ తడుముకుంటూ, ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కుంటూ దిగాడు. మొన్నటిదాకా ఆ మెట్లు అతను చూడకుండానే దిగేవాడు. ఆ నడక చూస్తుంటే సిరిల్‌కి ఏడుపొచ్చింది.

కొట్టు తలుపు గడియ పెట్టి, విల్ఫ్ వదిలేసి వెళ్ళిన రైఫిల్‌ని విప్పి, లోపలి స్ప్రింగు బయటికి లాగాడు. గొట్టం వంచలేక విల్ఫ్ చేతులు వణకడం చూడలేక, గుండు జోరు కాస్త తగ్గినా ఆరు గజాలకి ఏం తేడా వస్తుందిలే అనుకుని, సెప్టెంబరులో తనే ఎవరికీ చెప్పకుండా నాలుగు చుట్లు కోసేసి బిగించిన స్ప్రింగది.