అడగక్కర్లేని మంచం

ఐసీయూలో నా ఒంటికి అంటించిన తీగల వల్ల నా మంచానికి అన్నీ తెలిసేవి. ఒంట్లో వణుకు పుట్టకముందే అది వెచ్చబడేది. గొంతులో పెట్టిన పైపు తీసేశాక కూడా, దాహమని అనుకునేలోపే నీళ్ళ గొట్టం పెదవుల దగ్గరికి వచ్చేది. ఇరవై రెండు రోజులు నోరు విప్పలేదు, ఎవరినీ ఏదీ అడగలేదు. బడిలో బయటికి వెళ్తానని అడగడానికే సిగ్గుపడే నాకు అంతకన్నా ఏం కావాలి?

నిన్న జనరల్ వార్డుకి మార్చారు. ఇక్కడిది ఉత్త ఇనుప మంచం. దానికి నేనెవరో తెలియదు. పొద్దున వణుకుతూ పడుకుని, నా మంచం ఇప్పుడు ఇంకెవరికోసం వెచ్చబడుతోందో అని బెంగపెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ నన్ను ఐసీయూ తలుపు అద్దంలోంచే చూసిన అమ్మ, జ్వరమనుకుని ఉన్న దుప్పటి కూడా తీసేసి తడిగుడ్డ వేసింది.

పక్క మంచం మీది సాయవ్వ నవ్వింది. "అడుగు పిల్లా! మీ అమ్మకేమన్న తీగలున్నయా, నీ లోపలి సంగతి ఎరుకయ్యేటందుకు?"

సిగ్గు కన్నా చలే ఎక్కువైంది. "అమ్మా, సలి పెడుతుంది," అన్నాను. నా గొంతు నాకే బొంగురుగా, కొత్తగా వినిపించింది.

అమ్మ చేతిలోని గుడ్డ జారిపోయింది. "ఇంకోపారి అను బిడ్డా."

"సలి."

"విన్నవా అవ్వా? నా బిడ్డ మాట్లాడింది!" అంటూ అమ్మ నర్సుకు చెప్పడానికి పరుగెత్తింది. దుప్పటి కప్పడం మర్చిపోయింది.

నా మంచమైతే ఈపాటికి ఎప్పుడో వెచ్చబడేది. గుండెల నిండా గాలి పీల్చుకుని, వార్డంతా వినబడేలా పిలిచాను.

"అమ్మా!"