చంకకర్రల చలికాలం

ఎదురింటి ముసలాయన లోపలికి రాగానే తలాయ్ మంచం మీంచి లేవబోయాడు.

పెద్దలొస్తే కూర్చుని ఉండటం నరీన్ కొండల్లో పుట్టినవాడికి చేతకాదు.

చంకకర్రలు అందేలోపే ఒంటికాలు వణికింది. మనిషి పక్కకు ఒరిగాడు.

ముసలాయన వెనకే వచ్చిన ఒకావిడ చేతిలో మూట వదిలేసి అతని నడుం పట్టుకుంది.

“కూర్చో! ఊరి పెద్దలంతా కట్టగట్టుకుని వచ్చినా లేవకు.”

ముసలాయన గడ్డం నిమురుకున్నాడు. “ఎవరమ్మా నువ్వు? మా మర్యాదలు మాన్పించడానికి వచ్చావా?”

“మర్యాద మీరు పట్టుకుపోతారు తాతా. విరిగేది వీడి కాలు.”

తలాయ్ తల్లి సైరాగుల్ మొహం పాలిపోయింది.

“దూరపు చుట్టం. తలాస్ వైపు నుంచి వచ్చింది. బుబుషా,” అంది పొడిగా.

తలాయ్ గుర్రం మీంచి పడ్డాడు. కాల్లో ఇనపకడ్డీ వేశారు. ఇంకోసారి పడితే ఈ జన్మలో గుర్రం ఎక్కలేవన్నాడు డాక్టరు. గుర్రాల మందే అతని బతుకు.

బుబుషా భర్త గనిలో కాలు పోగొట్టుకుని చివరిదాకా చంకకర్రల మీదే నడిచాడట. ఆ కష్టం ఆమెకు తెలుసు.

మర్నాడే ఇంట్లోని ఉన్ని తివాచీలన్నీ చుట్టి గోడకు నిలబెట్టింది.

“వట్టి నేల చూసి వచ్చేపోయేవాళ్ళు ఏమనుకుంటారు?” అంది సైరాగుల్.

“ఏమైనా అనుకోనీ. కర్ర అంచులో ఇరుక్కుంటే పడేది వాళ్ళు కాదుగా.”

తెల్లారేసరికి వాకిలి గడ్డకట్టేది. ఆమె అందరికన్నా ముందు లేచి పొయ్యిలో బూడిద తెచ్చి దారంతా చల్లేది. కర్రల కింది రబ్బరు బుడిపెలకు అంటిన మంచు తలగుడ్డ కొంగుతో తుడిచేది.

అతను నడుస్తుంటే దెబ్బకాలి వైపు, కొంచెం వెనగ్గా, బెల్టు మీద చెయ్యేసి నడిచేది.

“చంకలో బరువెయ్యకు, చేతులు తిమ్మిరెక్కుతాయి. అరచేతుల మీద వెయ్యి. ఆ, మెట్టు! ఎక్కేటప్పుడు మంచికాలు ముందు. దిగేటప్పుడు కర్రలు ముందు, వాటి వెంట దెబ్బకాలు.”

“గుర్రం మీద పెరిగినవాణ్ణి పెద్దమ్మా. గొర్రెను తోలినట్టు తోలకు.”

“గొర్రె నయం. చెప్తే వింటుంది.”

ఒకరోజు అతనికి విసుగొచ్చింది.

“నీకు ఇల్లూ వాకిలీ లేవా? ఎన్నాళ్ళుంటావిక్కడ?”

“నువ్వు కర్రలు వదిలేదాకా.”

“అప్పటిదాకానే,” అంది సైరాగుల్ పొయ్యి దగ్గర్నుంచి, తల తిప్పకుండా.

మంచు కరిగింది. కొండలు పచ్చబడ్డాయి. కర్రలు మానెయ్యమన్నాడు డాక్టరు.

వాకిట్లో తలాయ్ కర్రలు గోడకు ఆనించి ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు.

బుబుషా రెండు చేతులూ చాపి, అతని ముందు వెనక్కి వెనక్కి నడుస్తోంది. కళ్ళనీళ్ళు బుగ్గల మీద కారుతున్నా తుడుచుకోవడం లేదు.

“ఏంటి పెద్దమ్మా, నేనేమైనా పందెం గెలిచానా?” అని నవ్వాడు తలాయ్.

ఆ మధ్యాహ్నమే ఆమె మూట కట్టుకుంది.

తలాయ్ అప్పటికే గుర్రపుసాలలో ఉన్నాడు. చలికాలమంతా ముట్టని గుర్రం మెడ కావలించుకుని, “వెళ్ళిరా పెద్దమ్మా!” అని అక్కణ్ణుంచే కేకేశాడు. వెనక్కి తిరగలేదు.

ఆమె గేటు దగ్గర కాసేపు నిలబడింది. తర్వాత బస్సు వచ్చింది.

సాయంత్రం టీ చల్లారిపోతున్నా సైరాగుల్ ముట్టుకోలేదు.

“సాగనంపలేదేంరా?”

“మళ్ళీ వస్తుందిగా అమ్మా.”

“రాదు. నిజం నీకు చెప్పననీ, మళ్ళీ ఈ గడప తొక్కననీ ఒట్టేస్తేనే ఉండనిచ్చాను.”

తలాయ్ చేతిలో రొట్టెముక్క ఆగిపోయింది. “ఏ నిజం? ఎవరామె?”

సైరాగుల్ చల్లారిన టీ పక్కకు జరిపింది.

“పిల్లల్లేని నా ఒళ్ళో నిన్ను పెట్టి, పాలు చేపుకొస్తున్న రొమ్ముల్ని తలగుడ్డతో బిగించి కట్టుకుని, నీ మొదటి అడుగు చూసే భాగ్యం కూడా నాకే వదిలేసి వెళ్ళిన మనిషి.”