మైకుంది గదా

స్వర్ణలత సీరియల్ సరిగ్గా వంట వేళకే వచ్చేది. అందుకే ఆమె భర్త భానుప్రకాశ్ పాత లాప్‌టాప్‌ను టీవీకి కలిపి, అది రోజూ రికార్డయ్యేలా పెట్టాడు. వైరులో బొమ్మ వచ్చింది కానీ మాట రాలేదు.

"మైకుంది గదా, గదే ఇంటది తియ్" అన్నాడు లాప్‌టాప్‌ను చూపించి.

దాంతో సీరియల్ మాటలతో పాటు కుక్కర్ విజిళ్లు, మెట్టుగూడ రైళ్ల కూతలు, సీరియల్ అత్తను అతను తిట్టే తిట్లు కూడా రికార్డయ్యేవి.

అతను పోయి ఏడాదవుతున్నా ఆమె దాన్ని ఆపలేదు.

నిన్న టీవీ ఆన్‌లోనే వదిలి, ఇంటికి తాళం వేసి బోయిన్‌పల్లిలో చెల్లెలింటికి వెళ్లింది. తిరిగొచ్చి రికార్డు పెట్టుకుంది. అత్త కొత్త కోడలి మీద కేకలేస్తోంది. ఆ కేకల వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఏందమ్మా, గా పిల్లను గిట్ల పరేషాన్ జేస్తవ్?"

పాత రికార్డేమో అనుకుంది. కానీ ఆ కోడలు కథలోకి వచ్చిందే మొన్న.

ఇంట్లో తనుంటే మాట్లాడడేమోనని, ఇవాళ సీరియల్ మొదలవగానే బయట తాళం వేసి మెట్ల మీద కూర్చుంది. లోపల్నుంచి సీరియల్ తప్ప ఏమీ వినిపించలేదు. అయిపోయాక వెళ్లి రికార్డు విన్నది. ఈసారి తిట్లు లేవు. చివర్లో మాత్రం, మైకుకు బాగా దగ్గరగా, మెల్లగా ఒక మాట.

"స్వర్ణా, బయట దోమలు కుడతయి. లోపలికొచ్చి కూసోరాదే."