పూర్తిగా మునగాలి

"చొక్కా విప్పి ఈ తెల్ల అంగీ వేసుకో బాబూ!" అంటూ పెద్దావిడ ఆ అంగీని ప్లంబరు మెడలో వేసేసింది.

ప్లంబరు బిత్తరపోయాడు. ఊరికి కొత్త. కొట్టు తెరిచాడే గాని ఈగ కూడా వాలడం లేదు. బాప్టిస్టు చర్చిలో బాప్తిస్మం ఇచ్చే తొట్టి కారుతోందని ఫోనొస్తే ఎగిరి గంతేసి వచ్చాడు. ఇదీ చెయ్యి జారితే పెట్టేబేడా సర్దుకోవడమే. పనివాళ్లకి ఇక్కడి పద్ధతి ఇదే కాబోలనుకుని అంగీ తొడుక్కున్నాడు.

చర్చి నిండా జనం. ఒకాయన కాఫీ ఇచ్చాడు. ఇంకొకాయన కావలించుకున్నాడు. ప్లంబరంటే ఇంత మర్యాదా!

"మా తాతలు ముందు తొట్టి కట్టుకున్నారు. చర్చి దాని చుట్టూ తర్వాత లేచింది. మూడు తరాలం ఇందులోనే మునిగాం" అంది పెద్దావిడ గొప్పగా.

"అంత పాతదైతే కాస్త కష్టమేనమ్మా" అన్నాడు ప్లంబరు.

పాస్టరుగారు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "ఫోనులో మాట్లాడటమే గాని చూడటం ఇదే. సిద్ధమేనా తమ్ముడూ?"

"సిద్ధమేనండీ. పాతదంతా పీకి పారేసి కొత్తది పెడితే గాని లాభం లేదు."

"ఆమెన్!" అన్నారు జనం ఒక్క గొంతుతో.

ప్లంబరుకి హుషారొచ్చింది. "లోపలెక్కడో చిల్లుందండీ. పైపైన చూస్తే దొరకదు."

పాస్టరుగారి కళ్లు చెమర్చాయి. "ఎంత బాగా చెప్పావయ్యా! అందుకే మేం నాలుగు చుక్కలు చిలకరించి వదిలెయ్యం. పూర్తిగా మునగాలి."

"మునుగుతానండీ, దానికేం!"

గుండెల్లోతు నీళ్లలోకి దిగి, పాస్టరుగారు పట్టుకునేలోపే బుడుంగున మునిగాడు. అడుగంతా తడిమాడు. ఒక మూలకి నీళ్లు లాగేస్తున్నాయి. వేలు పెట్టబోయేంతలో ఆ లాగుడు టక్కున ఆగిపోయింది.

"ఆగిపోయింది! ముట్టుకోకుండానే ఆగిపోయింది!" అని అరుస్తూ లేచాడు.

"హల్లెలూయ!" చర్చి దద్దరిల్లింది.

పెద్దావిడ తువ్వాలుతో అతని తల తుడుస్తూ ఏడ్చేసింది. "ఇక నువ్వు మావాడివి నాయనా!"

"అయితే ఊళ్లో పనులన్నీ నాకేనా అమ్మా?"

"నీకు కాకపోతే ఇంకెవరికిరా!"

అంతలో వెనక తలుపు తోసుకుని ఒక ఆసామి వచ్చాడు. ఒంటి మీద కొత్త తెల్లబట్టలు, మోచేతుల దాకా బురద, చేతిలో రెంచి.

"పాస్టరుగారూ, బాప్తిస్మం తీసుకుందామని పక్కూరి నుంచి వస్తే మీ వాచ్‌మన్ చేతిలో రెంచి పెట్టి నన్ను తిన్నగా తొట్టి పైపు కిందికి తోశాడు. ముందు సేవ చేయించి చూస్తారు కాబోలని లీకు ఆపేశాను. ఇప్పుడైనా నన్ను ముంచుతారా?"